గోపాలపురం నుంచి కొవ్వూరుకి, కొవ్వూరు నుంచి గోపాలపురానికి



2019 ఎన్నికల్లో కొవ్వూరులో రెండు పెద్ద పార్టీల తరఫున ఇద్దరు దళిత మహిళలు పోటీ పడ్డారు. వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తానేటి వనిత, తెలుగుదేశం నుంచి వంగలపూడి అనిత. వనిత గారు గెలిచారు. మూడేళ్లకి, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. ఓడిపోయిన అనిత గారు తన పాత నియోజకవర్గం పాయకరావుపేటకి తిరిగెళ్లి 2024లో గెలిచారు. ఆమె కూడా హోం మంత్రి అయ్యారు. ఒకరి మీద ఒకరు పోటీ చేసిన ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే కుర్చీలో కూర్చున్నారన్నమాట.

చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఇంకో సంగతి చూడండి. వాళ్లిద్దరిలో ఎవరి రాజకీయమూ కొవ్వూరులో పుట్టింది కాదు. 2024లో ఇద్దరిలో ఎవరి పేరూ కొవ్వూరు ఓటింగ్ మిషన్ మీద లేదు. వచ్చారు, పోటీ చేశారు, పార్టీ ఇంకోచోటుకి పంపితే వెళ్లారు.

ఈ వారం వనిత గారి రాజకీయ ప్రయాణం గురించి రాస్తున్నాను. పొగడటానికీ కాదు, తిట్టటానికీ కాదు. ఆ రెండు పనులకీ పార్టీల సోషల్ మీడియా విభాగాలు ఉన్నాయి. మా నల్లజర్ల ఉన్న గోపాలపురం నియోజకవర్గంలో మొదలై, హోం మంత్రి దాకా వెళ్లి, తిరిగి అదే గోపాలపురంలో ఓటమి దగ్గరికి వచ్చిన ఆ దారిని పట్టి చూస్తే, రిజర్వుడు సీటు అనేదాన్ని ఎవరు ఎలా వాడుకుంటున్నారో కనిపిస్తుంది. చదువుకుంటున్న పిల్లలకి ఆ సంగతి తెలియాలి.

ముందు ఊరు సంగతి. గోపాలపురం, నల్లజర్ల, దేవరపల్లి, ద్వారకా తిరుమల, ఈ నాలుగు మండలాలూ కలిస్తే గోపాలపురం నియోజకవర్గం. ఎస్సీ రిజర్వుడు. మాది మెట్ట. పొగాకు, ఆయిల్ పామ్, కొబ్బరి, కోకో, జీడిమామిడి. కాలవ కింద వరి పండించే డెల్టా వాళ్లకి మేం మెట్టోళ్లం. మా అమ్మ తరం ఆడవాళ్ల చేతులకి పొగాకు పసర అంటితే సబ్బుకి కూడా వదిలేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ద్వారకా తిరుమల మండలాన్ని ఏలూరు జిల్లాకి ఇచ్చి, మిగతా మూడింటినీ రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పుగోదావరిలో కలిపారు. సినిమాకైనా ఆసుపత్రికైనా మేం తాడేపల్లిగూడెం వెళ్తాం. కలెక్టరు గారి కోసం గోదావరి దాటాలి. ఏ జిల్లాలో ఉంటారని మా పేటలో వాళ్లని ఎవరూ అడగలేదు. మా ఎమ్మెల్యేగా ఎవరు ఉండాలనీ ఎవరూ అడగరు. ఓటెయ్యమని మాత్రం అడుగుతారు.

వనిత గారు రాజకీయాల్లోకి కొత్తగా ఊడిపడిన మనిషి కాదు. ఆమె తండ్రి జొన్నకూటి బాబాజీరావు గారు గోపాలపురం మాజీ ఎమ్మెల్యే. 2009లో ఆమె తెలుగుదేశం తరఫున గోపాలపురంలోనే గెలిచారు. 2014 ఎన్నికల నాటికి వైఎస్సార్ కాంగ్రెస్‌లో ఉన్నారు, నియోజకవర్గం కొవ్వూరుకి మారింది. అక్కడ కె.ఎస్. జవహర్ చేతిలో ఓడారు. 2019లో కొవ్వూరులోనే గెలిచి, జూన్‌లో మహిళా శిశు సంక్షేమ మంత్రి అయ్యారు. 2022 ఏప్రిల్ 11న రెండో మంత్రివర్గంలో హోం శాఖ ఇచ్చారు. 2024లో, హోం మంత్రిగా ఉండగానే, ఆమెని కొవ్వూరు నుంచి తీసి మళ్లీ గోపాలపురంలో నిలబెట్టారు. అప్పటిదాకా గోపాలపురం ఎమ్మెల్యేగా ఉన్న తలారి వెంకట్రావు గారిని తీసుకెళ్లి కొవ్వూరులో పెట్టారు. ఇద్దరూ ఓడారు.

ఇంకో పార్టీ మాత్రం వేరేగా చేసిందా? కొవ్వూరులో తలారి గారి మీద తెలుగుదేశం నిలబెట్టింది ముప్పిడి వెంకటేశ్వరరావు గారిని. ఆయన ఎవరు? 2014లో గోపాలపురం ఎమ్మెల్యే. 2019లో గోపాలపురంలో తలారి గారి చేతిలోనే ఓడినాయన. అంటే 2019లో గోపాలపురంలో తలపడ్డ ఇద్దరు మనుషుల్నీ అలాగే ఎత్తి 2024లో కొవ్వూరులో దించారు. కొవ్వూరు ఓటరు గోపాలపురం మాజీల్లో ఒకరిని ఎంచుకోవాలి. గోపాలపురం ఓటరేమో కొవ్వూరు ఎమ్మెల్యే కావాలో, కొత్తగా వచ్చిన మద్దిపాటి వెంకటరాజు గారు కావాలో తేల్చుకోవాలి. వెంకటరాజు గారు గెలిచారు.

మరి కొవ్వూరులో 2014లో గెలిచి, 2017లో మంత్రి కూడా అయిన జవహర్ గారు ఏమయ్యారు? 2019లో ఆయన్ని కృష్ణా జిల్లా తిరువూరు పంపారు. అదీ ఎస్సీ సీటే. ఓడారు. ఆయన ఖాళీ చేసిన కొవ్వూరుకే పాయకరావుపేట నుంచి అనిత గారిని తెచ్చారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నేను తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని, లెక్కల మేడాన్ని కాదు. అయినా ఈ లెక్కకి వేళ్లు చాలు. 2008 పునర్విభజన తర్వాత పాత పశ్చిమగోదావరి జిల్లాలో మూడు ఎస్సీ సీట్లున్నాయి: గోపాలపురం, కొవ్వూరు, చింతలపూడి. నాలుగు ఎన్నికలు జరిగాయి.

గోపాలపురం: 2009లో వనిత, 2014లో ముప్పిడి వెంకటేశ్వరరావు, 2019లో తలారి వెంకట్రావు, 2024లో మద్దిపాటి వెంకటరాజు.

కొవ్వూరు: 2009లో టి.వి. రామారావు, 2014లో జవహర్, 2019లో వనిత, 2024లో ముప్పిడి వెంకటేశ్వరరావు.

చింతలపూడి: 2009లో మద్దాల రాజేశ్ కుమార్, 2014లో పీతల సుజాత, 2019లో ఉన్నమట్ల ఎలీజా, 2024లో సొంగా రోషన్ కుమార్.

మొత్తం 12 గెలుపులు. ఒకే సీటులో రెండోసారి గెలిచిన మనిషి ఒక్కరు కూడా లేరు. రెండుసార్లు గెలిచినవాళ్లు ఇద్దరే, వనిత గారూ ముప్పిడి గారూ. ఆ ఇద్దరూ సీటు మారి గెలిచినవాళ్లే.

ఈ చింతలపూడి 2009కి ముందు జనరల్ సీటు. అప్పుడు కోటగిరి విద్యాధరరావు గారు అక్కడ 1983 నుంచి ఐదుసార్లు గెలిచారు. మొదటిసారి ఇండిపెండెంట్‌గా. అదే నేల, అవే ఊళ్లు, చాలామటుకు అవే ఓట్లు. రిజర్వుడు అయ్యాక ఏ మనిషికీ రెండోసారి అందలేదు. పీతల సుజాత గారు 2004లో ఆచంట ఎమ్మెల్యే. ఆచంట జనరల్ అయిపోయింది. 2014లో చింతలపూడిలో గెలిచి మంత్రి అయ్యారు. 2017లో మంత్రి పదవి పోయింది. 2019లో టికెట్టే లేదు. 2024లో ఎలీజా గారికి ఆయన పార్టీ టికెట్ ఇవ్వలేదు.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న ఉంది, నేనే అడుగుతాను. జనరల్ సీట్లలో మాత్రం జనం మార్చట్లేదా? తాడేపల్లిగూడెం తీసుకోండి. 2009లో ఈలి నాని, 2014లో పైడికొండల మాణిక్యాలరావు, 2019లో కొట్టు సత్యనారాయణ, 2024లో బొలిశెట్టి శ్రీనివాస్. అక్కడా నాలుగు ఎన్నికలకి నలుగురు. నిజమే. గెలుపోటముల్లో తేడా లేదు. తేడా ఇంకోచోట ఉంది. కొట్టు సత్యనారాయణ గారు 2004లో గూడెంలో గెలిచారు, తర్వాత ఓడారు, 2019లో మళ్లీ గూడెంలోనే గెలిచారు, 2022లో వనిత గారు హోం మంత్రి అయిన రోజునే ఉప ముఖ్యమంత్రి అయ్యారు, 2024లో మళ్లీ గూడెంలోనే ఓడారు. ఓడినా గెలిచినా ఆయన చిరునామా గూడెం. దెందులూరులో చింతమనేని ప్రభాకర్ గారు 2019లో ఓడి 2024లో అక్కడే గెలిచారు. వాళ్లకి ఓటమి అంటే ఐదేళ్లు ఇంట్లో కూర్చోవడం. మనవాళ్లకి ఓటమి అంటే ఇల్లు ఖాళీ చెయ్యడం. గెలిచినా ఖాళీ చెయ్యాల్సిందే, మంత్రయినా సరే.

2024లో ఇది ఒక్క మన జిల్లాలోనే జరగలేదు. మాజీ హోం మంత్రి మేకతోటి సుచరిత గారిని ప్రత్తిపాడు నుంచి తాడికొండకి పంపారు. మంత్రి ఆదిమూలపు సురేశ్ గారిని యర్రగొండపాలెం నుంచి కొండపికి, మంత్రి మేరుగు నాగార్జున గారిని వేమూరు నుంచి సంతనూతలపాడుకి మార్చారు. అందరూ ఓడారు. ఆ ఏడాది కొందరు బీసీ మంత్రుల్ని కూడా ఇలాగే మార్చారని గుర్తుపెట్టుకోండి. విడదల రజిని చిలకలూరిపేట నుంచి గుంటూరు పశ్చిమకి, జోగి రమేశ్ పెడన నుంచి పెనమలూరుకి. నేల ఎవరిది కాదో వాళ్లనే కదపడం సులువు. అయితే ఇది తలరాత కాదు. కొండపిలో డోలా శ్రీ బాలవీరాంజనేయస్వామి గారు 2014, 2019, 2024 మూడుసార్లూ ఎస్సీ సీటులోనే ఉండి, అక్కడే గెలిచారు. ఉండనిస్తే ఉండగలరు. పొగాకు పండించే ఊళ్ల నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. నారుమడిలో మొక్కని ఒక్కసారే పీకి చేలో నాటుతారు. అది వేరు పట్టాక మళ్లీ పీకి ఇంకో చేలో పెట్టి, ఆకు రాలేదేంటని మొక్కని తిట్టే రైతు ఎక్కడా ఉండడు. పార్టీల్లో మాత్రం ఉన్నాడు.

ఎందుకిలా పీకుతారు? పైనుంచి చూస్తే సర్వేలు, సమీకరణాలు అంటారు. కింద నుంచి చూస్తే వేరేలా ఉంటుంది. జనరల్ సీటులో ఎమ్మెల్యే తన మండల నాయకుల్ని తయారుచేసుకుంటాడు. రిజర్వుడు సీటులో మండల నాయకులు ఎమ్మెల్యేని తయారుచేస్తారు. మన ఊళ్లలో భూమి, కమిషన్ వ్యాపారం, కాంట్రాక్టులు, సొసైటీ పదవులు ఎవరి చేతుల్లో ఉన్నాయో పార్టీ మండల పగ్గాలూ చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. ఎన్నికల ఖర్చు వాళ్లు పెడతారు. బూత్ ఏజెంట్లు వాళ్ల మనుషులు. గెలిచాక ఇళ్ల స్థలాల జాబితా, పింఛన్ల జాబితా, స్టేషన్‌కి ఏ ఎస్సై రావాలనే సిఫార్సు, అన్నీ వాళ్ల గడప దాటి రావాలి. ఎమ్మెల్యే ఆ గడప దాటి నేరుగా పేటకి వెళ్లడం మొదలుపెడితే, "మమ్మల్ని కలుపుకుపోవట్లేదు" అనే ఫిర్యాదు మొదలవుతుంది. రెండేళ్లలో "వర్గపోరు" అని పేపర్లో వస్తుంది. నాలుగో ఏడు "వ్యతిరేకత" అవుతుంది. ఐదో ఏడు బదిలీ. కలెక్టరుకి బదిలీ ఉంటుంది, ఎస్సైకి ఉంటుంది, సరే. ప్రజలు ఎన్నుకున్న మనిషికి బదిలీ ఏమిటి?

ఒక అనుభవం చెప్తాను. వేరే జిల్లాలో నేను కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తున్న రోజులు. అదీ రిజర్వుడు నియోజకవర్గమే. నా క్లాసులో అమ్మాయి వాళ్ల పేటకి శ్మశానం దారి మూసేశారు. దారికి అడ్డంగా కంచె. పిల్ల ఏడుస్తూ చెప్తే, ఆ అమ్మాయినీ వాళ్ల పెదనాన్ననీ తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్లాను. ఎమ్మెల్యే మనవాడే. కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు, "అమ్మా, ఇది మన సొంత సమస్య" అన్నారు. నిజంగానే బాధపడ్డారు, ఆ మొహం నాకు గుర్తుంది. తర్వాత ఫోన్ తీశారు. తహశీల్దారుకి చేస్తారనుకున్నాం. ఆ ఊరి పార్టీ పెద్దకి చేశారు. "అన్నా, మీవాళ్లు ఏదో కంచె వేశారంట, కాస్త చూడన్నా" అన్నారు. ఆ కంచె వేయించింది ఆ అన్నే. పెదనాన్న టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. బయటికొచ్చాక ఒకటే మాట అన్నాడు: "ఆయన కూడా మనలాగే అడుక్కుంటున్నాడమ్మా."

ఆ ఎమ్మెల్యే చెడ్డవాడని నేను అనను. ఆయన ఏ పార్టీయో చెప్పను కూడా, ఎందుకంటే ఏ పార్టీ అయినా ఆ ఫోన్ అక్కడికే వెళ్తుంది.

ఇప్పుడు హోం శాఖకి వద్దాం. 2019 జూన్ నుంచి ఈ రాష్ట్రానికి వరసగా ముగ్గురు దళిత మహిళలు హోం మంత్రులు: సుచరిత, వనిత, అనిత. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు. పోలీసు శాఖ అంటే ఏంటో మనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కారంచేడు నుంచి చుండూరు దాకా మన చరిత్రలో పోలీసు స్టేషన్ లేని పేజీ లేదు. అలాంటి శాఖ మన ఆడబిడ్డల చేతికొచ్చిందంటే సంతోషించనివాళ్లు ఎవరుంటారు? కానీ 2020 జులైలో సీతానగరం పోలీసు స్టేషన్‌లో దళిత యువకుడికి గుండు కొట్టించినప్పుడు హోం మంత్రి సుచరిత గారు. కొవ్వూరుకి గోదావరి అవతలి ఒడ్డునే ఆ సీతానగరం. 2022 మేలో కాకినాడలో దళిత డ్రైవర్ హత్య కేసులో అధికార పార్టీ ఎమ్మెల్సీ అనంతబాబు అరెస్టయినప్పుడు హోం మంత్రి వనిత గారు. ఆ యువకుడి తల్లిదండ్రులు, దళిత సంఘాలు రోడ్డెక్కితే తప్ప అరెస్టు దాకా రాలేదు. డిసెంబరులో ఆయన బెయిల్ మీద బయటికొచ్చారు. అదే 2022 మేలో రేపల్లె రైల్వే స్టేషన్ అత్యాచారం మీద వనిత గారు అన్న మాటలకి మహిళా సంఘాలు మండిపడ్డాయి. ఆ కోపం న్యాయమైనదే. మన మనిషి అయినంత మాత్రాన ఆ మాటల్ని వెనకేసుకురావాల్సిన పని లేదు.

అయితే ఒక ప్రశ్న అడగండి. ఆ శాఖలో అసలు అధికారం ఎవరి దగ్గర ఉంది? 2024 జూన్‌లో శాఖల పంపకం జాబితా తీసి చదవండి. అనిత గారికి హోం, విపత్తుల నిర్వహణ. శాంతిభద్రతలు ముఖ్యమంత్రి దగ్గర. సాధారణ పరిపాలన కూడా ముఖ్యమంత్రి దగ్గర. అదే ఏడాది నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు తన పిఠాపురం నియోజకవర్గ పర్యటనలో, ఆడపిల్లల మీద జరుగుతున్న నేరాలకి హోం మంత్రి బాధ్యత తీసుకోవాలని, తాను ఆ శాఖ తీసుకుంటే పరిస్థితి వేరేలా ఉంటుందని అందరి ముందూ అన్నారు. శాంతిభద్రతలు ఎవరి దగ్గరున్నాయో ఆయనకి తెలియదా? నింద మాత్రం ఆమెకి. పేరు మనది, పెత్తనం వాళ్లది, తప్పు మళ్లీ మనది. పాలేరుకి పశువుని అప్పజెప్పి పగ్గం తన చేతిలో ఉంచుకున్న ఆసామి, చేను మేసిందని పాలేరుని తిట్టినట్టుంది.

2024 ప్రచారం చివర్లో ఒక రాత్రి మా నల్లజర్లలో జరిగిన గొడవ పేపర్లలో చదివే ఉంటారు. వనిత గారు తన పార్టీ నాయకుడి ఇంట్లో ఉండగా రెండు పార్టీల వాళ్లూ తలపడ్డారు. సామాను పగిలింది. తప్పు అవతలివాళ్లదంటే అవతలివాళ్లదన్నారు. ఎన్నికల కోడ్ నడుస్తోంది, పోలీసులు ఎన్నికల సంఘం కింద ఉన్నారు, అదంతా సరే. తర్వాత మా పేటలో ఆడవాళ్లు అనుకున్న మాట ఇది: "హోం మంత్రికే దిక్కు లేకపోతే మనకేంటే?" ఇందులో వెక్కిరింపు లేదు, భయం ఉంది. ఆ భయం ఏ పార్టీ సర్వేలోనూ రాదు.

దీనికి మూలం ఎక్కడుందో తెలియాలంటే 1932కి వెళ్లాలి. ఆ ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో అణగారిన వర్గాలకి ప్రాంతీయ శాసనసభల్లో 71 ప్రత్యేక స్థానాలిచ్చారు. ఆ స్థానాల్లో మన ప్రతినిధిని మన ఓటర్లే ఎన్నుకుంటారు. గాంధీ గారు యరవాడ జైల్లో నిరాహార దీక్షకి కూర్చున్నారు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. 71 కాస్తా 148 అయ్యాయి, అందులో మన మద్రాసు రాష్ట్రానికి 30. సీట్లు రెట్టింపయ్యాయి, ఎన్నుకునే హక్కు మాత్రం అందరి ఉమ్మడి ఓట్లలో కలిసిపోయింది. ఒక్క రక్షణ మిగిల్చుకున్నారు బాబాసాహెబ్. ప్రతి రిజర్వుడు సీటుకీ ముందు అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురి జాబితా తయారుచెయ్యాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. ఈ పద్ధతికి పదేళ్లే గడువు. స్వతంత్ర భారత రాజ్యాంగంలో అది లేదు.

చాలామంది పిల్లలకి పూనా ఒప్పందం అంటే గాంధీ, అంబేడ్కర్, దీక్ష, ఇంతవరకే తెలుసు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ నలుగురి జాబితా ముచ్చట మాత్రం మన సిలబస్‌లో కనిపించదు. మన తరఫున నిలబడే మనిషిని ముందు మనం ఒప్పుకోవాలి అన్నదే దాని సారం. అది పోయాక, ఎవరు నిలబడాలో పార్టీ ఆఫీసు చెప్తుంది, ఎవరు గెలవాలో ఇతరుల ఓట్లు తేలుస్తాయి. మన మూడు సీట్లలో దేంట్లోనూ మన ఓట్లు సగం లేవు. దాని ఫలితం బాబాసాహెబే చూశారు. 1952లో ఉత్తర బొంబాయిలో ఆయన్ని ఓడించింది కాంగ్రెస్ నిలబెట్టిన దళిత అభ్యర్థి కజ్రోల్కర్. 1954 భండారా ఉప ఎన్నికలోనూ ఆయన ఓడారు. సరిగ్గా ఒప్పందానికి 50 ఏళ్లు నిండిన రోజున, 1982 సెప్టెంబరు 24న, కాన్షీరాం గారు 'చంచా యుగం' పుస్తకం తెచ్చారు.

ఆ పుస్తకం పేరు మనవాళ్ల నోళ్లలో బాగా నలిగింది. ఏ దళిత ఎమ్మెల్యేని చూసినా చంచా అనేస్తున్నారు. నేను ఆ మాట దగ్గర కాస్త ఆగమంటాను. కాన్షీరాం గారు చంచాని మాత్రమే చూపించలేదు, దాన్ని పట్టుకున్న చేతిని కూడా చూపించారు. మనం చేతిని వదిలేసి చంచాని తిడుతున్నాం. ముఖ్యంగా ఆడవాళ్లని. వనిత, అనిత, సుచరిత గార్ల మీద పోస్టుల కింద మనవాళ్లు రాసే కామెంట్లు చదివితే సిగ్గేస్తుంది. ఆ శాఖ పగ్గం పట్టుకున్నవాళ్ల మీద అందులో పదో వంతు కోపం కూడా కనపడదు.

మా రాజమండ్రిలోనే కుసుమ ధర్మన్న గారు, దేశమంతా తెల్లవాళ్ల పెత్తనం మీద పాటలు కడుతున్న కాలంలో 'మాకొద్దీ నల్ల దొరతనము' అని పుస్తకం వేశారు. దొర రంగు మారితే చాలదని ఆయన 100 ఏళ్ల కిందటే పసిగట్టారు. ఈ రోజు ఆయన ఉంటే అడిగేది ఇదే అనుకుంటాను: దొర ఎవరో తెలియకుండా, మన మనిషి మొహం అడ్డం పెట్టుకుని నడిచే దొరతనానికి ఏం పేరు పెడదాం?

మరేం చెయ్యాలి అంటారా? రాజ్యాంగం మార్చే దాకా ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి. రిజర్వుడు సీటులో అభ్యర్థి పేరు ఖరారయ్యే ముందు పేటల్లో సభ పెట్టాలని ప్రతి పార్టీనీ అడగాలి. ఏ చట్టమూ దీన్ని ఆపదు. నలుగురి జాబితా ఒకప్పుడు చట్టం. ఇప్పుడది మన డిమాండ్ కావచ్చు.

రెండు. రిజర్వుడు నియోజకవర్గంలో ఉన్న మండలాల్లో పార్టీ మండల అధ్యక్షులు ఎవరు, ఏ కులం, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఈ జాబితా రాయండి. ఎమ్మెల్యేలు మారినా మారని పేర్లు కనపడతాయి. అసలు ఎమ్మెల్యేలు వాళ్లు. డిగ్రీ చదివే పిల్లలు ఒక్క సెలవుల్లో చెయ్యగల పని ఇది.

మూడు. మన ఎమ్మెల్యేని ప్రశ్నించండి, గట్టిగా ప్రశ్నించండి. కానీ "నువ్వు చంచావి" అనకుండా "నీ ఫోన్ ఎవరికి వెళ్తోంది?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వస్తే, ఆ మనిషికి కూడా ఆ ఫోన్ నేరుగా తహశీల్దారుకి చెయ్యడానికి ఒక సాకు దొరుకుతుంది. వెనక జనం ఉన్నారని తెలిస్తే గడప దాటే ధైర్యం వస్తుంది.

నాలుగు. గెలిచినా ఓడినా, మన మనిషిని ఆ ఊరి నుంచి కదపడానికి ఒప్పుకోవద్దు. పనిచెయ్యకపోతే మనమే ఓడిద్దాం. ఆ హక్కు మనది. బదిలీ చేసే హక్కు పార్టీ ఆఫీసుది కాదు.

175 మంది కూర్చునే శాసనసభలో మనకి 29 కుర్చీలున్నాయి. బాబాసాహెబ్ పోరాడి తెచ్చినవి. ఆ 29 కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో, ఎంతకాలం కూర్చోవాలో, ఏ ఊరి తరఫున కూర్చోవాలో చెప్పే మాట మనది అయ్యేదాకా, మన నుంచి హోం మంత్రులు వస్తూనే ఉంటారు, మన పేటకి శ్మశానం దారి మాత్రం రాదు.

మీ మండలంలో ఆ మారని పేర్ల జాబితా మొదలుపెట్టినవాళ్లు నాకు రాయండి. పేర్లు బయటపెట్టను. వచ్చే వారం ఆ జాబితాల మీదే మాట్లాడుకుందాం.

జై భీమ్.